అత్త పిలుపూ, ఎనిమిదో ప్యాడూ

పోర్ట్ బ్లెయిర్‌లో, మా జంగ్లీఘాట్‌లో డీజే అంటే కుర్రాళ్ళకి దేవుడు, పెద్దవాళ్ళకి తలనొప్పి. మా అత్త మాత్రం నన్ను ఈ రెంటిలో దేనిలోనూ చేర్చలేదు. "ఆడు పాడడు, వాయించడు. బటన్లు నొక్కుతాడు, అంతే" అని చేపల రేవులో ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పేది. ఆవిడ మా నాన్నకి అక్క. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. అందుకని ఆవిడ మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. తెచ్చుకునేవాణ్ణి, అది వేరే సంగతి.

పగలు నా ఉద్యోగం ఫీనిక్స్ బే జెట్టీలో, టికెట్ కౌంటర్ వెనక. సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళు, పసుపు ఫంక్షన్లు, పుట్టినరోజులు. ఒక ల్యాప్‌టాప్, దానికి తగిలించే కంట్రోలర్, రెండు పెద్ద స్పీకర్లు, ఒక మైకు. ఇదీ నా సంసారం అని నా భార్య అంటుంది.

డీజే సాఫ్ట్‌వేర్‌లో అందరికీ తెలిసినవి రెండు పళ్ళేలు. ఒకదాంట్లో పాట నడుస్తుంటే రెండోదాంట్లో వచ్చే పాట సిద్ధం చేసుకుంటాం. ఇవి కాక శాంప్లర్ అని ఇంకొకటి ఉంటుంది. అందులో చిన్నచిన్న శబ్దాలు దాచుకోవచ్చు. ఒక చప్పట్ల మోత, ఒక ఈల, ఎవరిదో ఒక మాట. నా కంట్రోలర్ మీద వాటికి ఎనిమిది రబ్బరు ప్యాడ్లున్నాయి, ఒక్కొక్కటీ అగ్గిపెట్టంత. నొక్కితే నడుస్తున్న పాట ఆగదు, దాని మీదకి ఆ శబ్దం వచ్చి కూర్చుంటుంది. కూరలో చివర వేసే తాలింపు లాంటిది. కొత్తలో నాకు తాలింపు వేయడమే వచ్చు, కూర వండటం రాదు. పది నిమిషాల్లో ముప్పైసార్లు ఈల వేయించేవాణ్ణి.

ఆ రోజుల్లోనే నాకో గొప్ప ఆలోచన వచ్చింది. రోజూ జెట్టీలో వినే షిప్ హారన్‌ని ఫోన్‌లో రికార్డు చేసి ఎనిమిదో ప్యాడ్‌లో ఎక్కించాను. మిన్నీ బేలో ఒక పెళ్ళి. మధ్యాహ్నం, తాళి కట్టడం అయింది, భోజనాలు ఇంకా మొదలవలేదు. పాట మంచి ఊపులో ఉండగా ప్యాడ్ నొక్కాను. స్పీకర్లలోంచి హారన్ భోంయ్‌మంది. కుర్రాళ్ళు ఎగిరారు. కుర్చీల్లో కూర్చున్న సగం మంది కూడా ఎగిరారు, కానీ డాన్సుకి కాదు. వాళ్ళంతా మధ్యాహ్నం బోటుకి పక్క దీవులకి తిరిగి వెళ్ళాల్సినవాళ్ళు. సంచులు తీసుకున్నారు, పిల్లల్ని చంకనేసుకున్నారు, చెప్పులు వెతుక్కున్నారు. పెళ్ళికూతురు మేనమామ ఏకంగా ఆటో ఎక్కి ఫీనిక్స్ బే దాకా వెళ్ళిపోయాడు. "భయ్యా, బోటుకి ఇంకా గంటన్నర ఉంది" అని మైకులో నేను మొత్తుకుంటుంటే వినేవాడు లేడు. మేనమామకి ఫోన్ చేసి వెనక్కి రప్పించేసరికి పప్పు చల్లారిపోయింది.

ఆ హారన్ సంగతి విని అత్త వారం రోజులు నవ్వింది. "మనుషుల్ని పిలవడానికి బటన్ కావాల్రా? గొంతు సాలదా?" అంది.

ఆవిడ అలా అనొచ్చు. జంగ్లీఘాట్ రేవులో ఆవిడ చేపల బుట్ట ముందు కూర్చుని ఒక్క కేక వేస్తే రోడ్డు మీద ఆటోలు ఆగేవి. తెలుగులో ఒక కేక, హిందీలో ఒక కేక, బెంగాలీ దీదీలు కనబడితే వాళ్ళ భాషలో రెండు ముక్కలు. అదే గొంతు పెళ్ళిళ్ళలో ఇంకో రకంగా ఉండేది. మా పెద్దవాళ్ళు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చేటప్పుడు ఏమేం తెచ్చుకున్నారో నాకు సరిగ్గా తెలియదు గానీ పసుపు పాటలు మాత్రం తెచ్చుకున్నారు. పెళ్ళికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి పసుపు రాసేటప్పుడు ఆడవాళ్ళు ఆరు పాటలు పాడతారు. ప్రతి పాటకీ ముందు ఒక పిలుపు ఉంటుంది. ఒక్కరే పిలవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. మొదటి పిలుపు "ఓలమ్మలార, రారండే" అని. ఆ 'రారండే' దగ్గర అత్త గొంతు పైకి వెళ్ళి, అక్కడ కాసేపు ఆగి, దిగాలా వద్దా అని చూసుకుని దిగేది. అప్పుడు ముప్పైమంది ఒక్కసారి "వచ్చినామే" అనేవాళ్ళు. ఆరు పాటలూ అయ్యాక చివర ఇంకొక్క మాట. "పాట సాలించినామమ్మా, సల్లగుండు" అని పెళ్ళికూతురికి చెప్పాలి. పిలిచినవాళ్ళే ఆ మాట చెప్పాలి, ఇంకొకరు చెప్పకూడదు. చెప్పకపోతే పాట తెరిచినట్టే ఉండిపోతుందని, పిల్ల సగం దీవెనతో అత్తారింటికి వెళుతుందని ఆవిడ పట్టింపు. మా దగ్గర ముప్పై ఏళ్ళుగా ఆ పిలుపూ ఆ ముగింపూ రెండూ అత్తవే.

నేను ఆ పిలుపుల మీద కన్నేశాను. ఒక ఏడాదిలో జరిగిన పసుపు ఫంక్షన్లన్నిటికీ వెళ్ళి, ఆవిడకి తెలియకుండా ఫోన్‌లో రికార్డు చేశాను. ఇంటికొచ్చి ఆరు పిలుపులూ కత్తిరించి ఆరు ప్యాడ్లలో పెట్టాను. వెనకాల ఫ్యాను రొద తీసేశాను. మొదటి పిలుపు చివర ఎవరో స్టీలు గిన్నె కింద పడేసిన చప్పుడు ఉండిపోయింది. అది అత్త గొంతుతో అతుక్కుపోయింది, ఎంత ప్రయత్నించినా విడదీయలేకపోయాను. అసలు రికార్డింగులు పొడుగ్గా ఉన్నాయి. ఫోన్‌లో చోటు లేక పాటలన్నీ తీసేశాను. డీజేకి కావాల్సింది పిలుపే కదా, పాటతో పనేముంది అనుకున్నాను. ఈ తెలివితక్కువతనం గురించి మళ్ళీ చెప్తాను.

మొదటిసారి ఆ ప్యాడ్ నొక్కింది మా వీధి పెళ్ళిలోనే. రిసెప్షన్. బీటు మీద అత్త గొంతు వదిలాను. "రా రా రా రారండే, రా రా రా రారండే." జనం పిచ్చెక్కిపోయారు. నన్ను నేనే మెచ్చుకుంటూ పదిహేనుసార్లు తిప్పాను. అత్త భోజనాల బల్ల దగ్గర నుంచి చేతులు కడుక్కోకుండానే లేచి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నాచేత పిలిపించి పిలిపించి కూకోబెట్టావు కదరా" అంది. "వచ్చినోళ్ళకి పాటెయ్యవా? సాలించేది లేదా? ఇదేటి, ఎక్కిళ్ళా?"

"అత్తా, ఇది జస్ట్ మిక్స్..."

"మిక్సీ లేదు, గిక్సీ లేదు. నాను లేకుండా నా గొంతు ముట్టుకోకు."

సరే అన్నాను. నాకూ పౌరుషం వచ్చింది. ఊరంతా మెచ్చుకుంటే సొంత మనిషికి నచ్చలేదని నాలుగు నెలలు ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. ఆవిడేమీ బతిమాలలేదు. ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చే చేపల పులుసు గిన్నె రావడం మానేసింది, అంతే. ఐదో నెలలో నేనే వెళ్ళి వాకిట్లో కూర్చున్నాను. ఏమీ అడక్కుండా కంచం పెట్టింది. మా ఇద్దరి మధ్య రాజీ అంటే అదే.

తర్వాత ఆవిడకి గొంతులో గడ్డ వచ్చింది. మెయిన్‌లాండ్ తీసుకెళ్ళారు. గడ్డ గొంతు నరాన్ని చుట్టుకుంది, తీస్తే ప్రాణం ఉంటుంది, గొంతు ఉండకపోవచ్చు అని డాక్టరు ముందే చెప్పాడు. అత్త తల ఊపి వేలిముద్ర వేసింది. తిరిగి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో నన్ను చూసి ఏదో అంది. పెదాలు కదిలాయి, గాలి వచ్చింది. నేను చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాను. "సిక్కిపోనావేరా" అంటోంది. ఆపరేషన్ అయింది ఆవిడకి, చిక్కిపోయింది నేనట. ఆటోలో ముందు సీట్లో కూర్చుని, ఆవిడకి కనబడకుండా ఏడ్చాను.

నెలలు గడిచినా ఆ గుసగుస గుసగుసగానే ఉండిపోయింది. రేవుకి వెళ్ళడం మానేసింది. మనవరాలిని పిలవాలంటే గరిటెతో పళ్ళెం మీద కొట్టేది. నేను వెళితే రెండుసార్లు కొట్టి కంచం చూపించేది. ఒకప్పుడు వీధి చివరి నుంచి ఆవిడ ఎక్కడుందో తెలిసిపోయేది. ఇప్పుడు గదిలోకి వెళ్ళి చూస్తే గానీ ఇంట్లో ఉందో లేదో తెలిసేది కాదు. అది నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది.

పోయినేడు ఆ మనవరాలికి పెళ్ళి కుదిరింది. మా బావ కూతురు, ఒక టూరిస్టు ఆఫీసులో పనిచేస్తుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవమంటే కూడబలుక్కుంటుంది. నానమ్మ దగ్గరే పెరిగింది. పెళ్ళికి నెలరోజులుందనగా నా కౌంటర్ దగ్గరికి వచ్చి క్యూలో నిలబడింది. తన వంతు వచ్చాక కిటికీలోంచి, "మావయ్యా, నానమ్మ నా హల్దీకి కూర్చోదంట" అంది.

"ఎందుకంట?"

"నోరు లేనిదాన్ని ముందర కూకుంటే అందరూ జాలిగా చూత్తారు, నేను వెనకాల వెల్లుల్లి ఒలుచుకుంటాను అంటోంది. నానమ్మ పిలవకపోతే నాకు పాటలే వద్దు మావయ్యా. సచ్చీ, నిజంగా. ఏ పాటా వద్దు." వెనకాల ఉన్నాయన "అరే దీదీ, జల్దీ" అంటున్నాడు. తను కదల్లేదు. "నీ దగ్గర నానమ్మ గొంతు ఉంది కదా?"

ఉంది. ల్యాప్‌టాప్‌లో ఆరు ప్యాడ్లలో పదిలంగా ఉంది. రెండేళ్ళుగా ఒక్కసారి కూడా నొక్కలేదు. మాట ఇచ్చినందుకు కొంత, వినే ధైర్యం లేక మిగతాది.

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, కంట్రోలర్ చంకన పెట్టుకుని అత్త ఇంటికి వెళ్ళాను. రెండూ కలిపి మంచం మీద పెట్టాను. ఏమిటిది అన్నట్టు గడ్డం ఎగరేసింది. "నువ్వే నొక్కాలి, నేను ముట్టుకోను" అన్నాను. చాలాసేపు దాన్ని చూసింది, తూకంలో మోసం ఉందేమోనని చూసినట్టు. చివరికి దోమని చంపినట్టు చేత్తో ఒక్కటిచ్చింది.

"ఓలమ్మలార, రారండే." తర్వాత గిన్నె పడింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను తల ఎత్తలేదు. ఏడుస్తోందనుకున్నాను. చూస్తే నవ్వుతోంది. భుజాలు అదురుతున్నాయి, చప్పుడు లేదు. నన్ను దగ్గరికి రమ్మని చెవిలో, "ఎంత గట్టిగా అరిసేదాన్నిరా, మీ మావయ్య ఎలా భరించేడో" అంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ. తర్వాత నవ్వడం ఆపి, కళ్ళు మూసుకుని వింది. అప్పుడు ఏడ్చింది, కాసేపే. కొంగుతో తుడుచుకుని నా వీపు మీద కొట్టింది.

"కూకుంటావా?" అని అడిగాను.

"నాను పిలిస్తే కూకుంటాను. ఇది పిలిస్తే కాదు" అంది.

"నొక్కేది నువ్వే కదా. నువ్వు నొక్కినప్పుడే పలుకుతుంది. నువ్వు ఆగితే ఆగుతుంది."

దాని మీద ఆలోచించింది. మర్నాడు నేను వెళ్ళేసరికి మంచం మీద చోటు ఖాళీ చేసి ఉంచింది.

అలా మొదలైంది మా పాఠం. గురువెవరో శిష్యుడెవరో చెప్పడం కష్టం. ఆవిడకి అక్షరాలు రావు కాబట్టి ప్యాడ్లకి రంగులు పెట్టుకున్నాం. మొదటి పిలుపుకి పసుపు. గాజుల పాటకి ఆకుపచ్చ, కుంకం పాటకి ఎరుపు, నీళ్ళు పోసే పాటకి నీలం, ఇలా ఆవిడే చెప్పింది. ఏడోదాంట్లో చప్పట్లు. ఎనిమిదోదాంట్లో అదే హారన్. పొరపాటున దాని మీద చెయ్యి పడ్డప్పుడల్లా ఆవిడ నాకేసి అసహ్యంగా చూసేది.

కింద నెమ్మదిగా ఒక డోలు దరువు పెట్టాను. ఆవిడ నొక్కితే పిలుపు దరువుకి సరిగ్గా పడేలా ఒక బటన్ ఉంటుంది. కొంచెం ముందో వెనకో నొక్కినా సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది. ఆవిడకి సాయంగా ఉంటుందని అది వేసి ఉంచాను. నాలుగుసార్లు నొక్కి, చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఇది నన్ను తోసేత్తంది" అంది.

ఎంత చెప్పినా వినలేదు. ఆ బటన్ తీసేశాను. అప్పుడు నొక్కింది. దరువు పడిన తర్వాత, కొంచెం ఆగి, ఇంకొంచెం ఆగి, ఇక రాదేమో అనిపించాక వచ్చింది ఆ పిలుపు. ముప్పై ఏళ్ళు మా ఆడవాళ్ళు ఎదురు చూసింది ఆ ఆలస్యం కోసమే. ఆ క్షణంలోనే వాళ్ళు ఊపిరి పీల్చుకునేది. నేను ప్యాడ్‌లో దాచింది గొంతునే. ఆ గొంతుని ఎప్పుడు వదలాలో ఆవిడ చేతికే తెలుసు. పదేళ్ళుగా బటన్లు నొక్కుతున్నవాణ్ణి, ఆ రోజు నొక్కడం చూశాను.

పెళ్ళికి నాలుగు రోజులుందనగా ఆరు పిలుపులూ వరసగా నొక్కి, చప్పట్ల దగ్గర ఆగి, హారన్ దాటేసి, నాకేసి చూసింది.

"సాలించేది ఏదిరా?"

నేను ప్యాడ్లకేసి చూశాను.

"సల్లగుండు. అది ఏ రంగు?"

లేదని చెప్పాను. పిలుపులే కత్తిరించానని, మిగతాది తీసేశానని, ఫోన్ కూడా మార్చేశానని చెప్పాను. ఆవిడ కంట్రోలర్‌ని నా వైపు తోసేసింది. తిట్టినా బాగుండేది. దొరుకుతుందిలే అత్తా అని లేచాను. రెండు రోజులు పోర్ట్ బ్లెయిర్‌లో మా వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను, పెళ్ళి వీడియోల కోసం. పదకొండు పెళ్ళిళ్ళవి చూశాను. పదకొండింటిలోనూ పసుపు రాసే చోట అత్త నోరు తెరిచి పాడుతూనే ఉంది, వినబడేది మాత్రం సినిమా పాట. వీడియో తీసినవాళ్ళంతా అసలు చప్పుడు తీసేసి, దాని మీద హిందీ పాటో తెలుగు పాటో అతికించారు. వాళ్ళని తిట్టుకున్నాను. నేను చేసిందేమిటో గుర్తొచ్చి ఆపాను. వాళ్ళు పాట పోగొట్టారు, నేను ముగింపు పోగొట్టాను.

"అయితే ఒగ్గేయ్" అంది అత్త. "సాలించలేనిది మొదలెట్టకూడదు. ఆ గుంటకి సగం దీవెన నా సేతులతో ఇవ్వను." వెల్లుల్లి బుట్ట దగ్గరికి లాక్కుంది. ఆ రోజు నాకు కంచం పెట్టలేదు.

పసుపు ఫంక్షన్ పొద్దున్న తొమ్మిదికి. ఇంటి ముందు షామియానా, నాలుగు స్టాండు ఫ్యాన్లు, ఉక్కపోత. నేను ఎందుకైనా మంచిదని కంట్రోలర్ తగిలించి, మైకు పెట్టి, సినిమా పాటలు వేసుకుంటూ కూర్చున్నాను. తొమ్మిదిన్నరకి పిల్లని పీట మీద కూర్చోబెట్టారు. పాట ఆపమన్నారు, ఆపేశాను. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఎవరూ మొదలుపెట్టలేదు. ఒకావిడ "కానీండే, ఎవరో ఒకరు పిలవండే" అంది. పెళ్ళికూతురు తల అడ్డంగా ఊపింది. పసుపు గిన్నె తన ఒళ్ళోకి తీసుకుని రెండు చేతులూ దాని మీద మూత పెట్టింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పది నిమిషాలు, పావుగంట. పక్కింటి రాంచీ ఆంటీ, "క్యా హువా, హల్దీ నహీ లగానా హై క్యా?" అని అడుగుతోంది. మా బావ వచ్చి కూతుర్ని బతిమాలాడు, కసిరాడు, మళ్ళీ బతిమాలాడు. తను కదల్లేదు. పట్టుదలలో అచ్చం నానమ్మే.

అప్పుడు వంటింటి వైపు నుంచి అత్త వచ్చింది. చేతులకి వెల్లుల్లి పొట్టు అంటుకుని ఉంది. విసురుగా నడుస్తోంది, కోపంగా ఉంది. మనవరాలి దగ్గర వంగి గిన్నెలో వేలు పెట్టి చూసింది. నేను కాస్త దగ్గరలోనే ఉన్నాను కాబట్టి వినబడింది.

"పసుపు ఎండిపోతందే ముండా."

"ఎండనీ నానమ్మా" అంది పిల్ల. కళ్ళనిండా నీళ్ళు. "సగం దీవెనైనా నాకు నీదే కావాలి. ఆధా హీ దే దో. నాకు చాలు."

అత్త నిటారుగా నిలబడింది. తర్వాత చేతులు కొంగుకి తుడుచుకుని నా దగ్గరికి వచ్చి, లేవమని భుజం మీద తట్టింది. నా కుర్చీలో కూర్చుంది. నేను పక్కన నిలబడి డోలు దరువు వదిలాను. అత్త పసుపు రంగు ప్యాడ్ మీద వేలు పెట్టి ఆగింది. ఇంకా ఆగింది. ఆడవాళ్ళలో ఊపిరి ఆగడం నాకు తెలిసింది.

"ఓలమ్మలార, రారండే."

గిన్నె పడింది. ఎవరో అలవాటుగా "ఎవత్తే ఆ గిన్నె?" అంది. ఆ మాట పూర్తికాకముందే ముప్పైమంది "వచ్చినామే" అన్నారు.

తర్వాత గంటసేపు ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం. ఆవిడ నొక్కుతోంది, వాళ్ళు అందుకుంటున్నారు. ఒకచోట ఆడవాళ్ళు పరిగెత్తబోతే పిలుపు ఆలస్యం చేసి వాళ్ళని ఆపింది. పిల్ల మొహం, చేతులు, పాదాలు పసుపుతో నిండిపోయాయి. రాంచీ ఆంటీ కూడా మాటలు రాకపోయినా పాడేస్తోంది. నేను దరువు తగ్గించడం, పెంచడం తప్ప ఏమీ చేయలేదు. అంత సంతోషంగా ఏ పెళ్ళిలోనూ నేను పని చేయలేదు.

ఆరో పాట అయిపోయింది. అత్త చెయ్యి ప్యాడ్ల మీద అలాగే ఉంది. నాకేసి చూసింది. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. దరువు మెల్లగా దించి ఆపేశాను. నాకు తోచింది ఒక్కటే. మైకు తీసి ఆవిడ ముందు పట్టుకున్నాను.

తోసేస్తుందనుకున్నాను. మైకుని చూసింది, పీట మీద పిల్లని చూసింది, మైకు పుచ్చుకుని లేచింది. నేను దాని సౌండు ఎంత పెంచాలో అంతా పెంచాను. ఇంకొక్క వెంట్రుకవాసి పెంచితే స్పీకర్లు కూత పెడతాయి. అప్పుడు వినబడింది ఫ్యాన్ల రొద, నాలుగు స్పీకర్లున్నట్టు. "ఫ్యాన్లు ఆపండి, ఫ్యాన్ బంద్ కరో" అని అరిచాను. మా బావ పరిగెత్తి వెళ్ళి స్విచ్ కొట్టాడు. రెక్కలు నెమ్మదిగా ఆగాయి. ఆడవాళ్ళు గాజులు చప్పుడవకుండా మణికట్లు పట్టుకున్నారు. ఎవరో పిల్లాడి నోట్లో లడ్డూ కుక్కారు.

రెండు స్పీకర్లలోంచీ ముందు ఆవిడ ఊపిరి వచ్చింది. తర్వాత, గొంతు లేని మాట.

"పాట సాలించినామమ్మా. సల్లగుండు."

మామూలుగా ఆ మాటకి అందరూ అక్షింతలు వేసి కేకలు వేస్తారు. ఆ రోజు ఎవరూ కేక వేయలేదు. వరసగా వెళ్ళి ఒక్కొక్కరే పిల్ల తల మీద అక్షింతలు వేశారు. పిల్ల ఏడుస్తోంది, పసుపు చారలు కట్టింది. మా బావ స్విచ్ బోర్డు దగ్గరే నిలబడి ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను, ఈసారి దాచుకోలేదు. ఫ్యాన్లు వేయమని గుర్తు చేయడానికి ఎవరికీ మనసు రాలేదు. అంతా చెమటతో తడిసిపోయి అలాగే నిలబడ్డాం.

పెళ్ళి అయిన ఆదివారం అత్త మా ఇంటికి వచ్చింది. చేతిలో పులుసు గిన్నె. దాన్ని వంటింట్లో పెట్టి నేరుగా నా ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చి కూర్చుంది. నాకు భయంగానే ఉంది. ఎందుకంటే ఆ రోజు మైకు ఆవిడ చేతికిచ్చేటప్పుడు, అలవాటు కొద్దీ రికార్డు బటన్ నొక్కాను. ఆవిడని అడగలేదు. మళ్ళీ అదే తప్పు.

"పట్టేవా?" అంది.

ఒప్పుకున్నాను. తీసెయ్యమంటే తీసేస్తానన్నాను.

"ఎట్టు."

పెట్టాను. ఊపిరి, గుసగుస. ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. ఇంకోసారి పెట్టమంది. నేను కొంచెం చొరవ తీసుకుని, "దీన్ని కాస్త బాగు చేస్తాను అత్తా. కొంచెం గంభీరంగా, పాత గొంతులా..." అన్నాను.

"ఏటీ సెయ్యకు" అంది. "ఇది కూడా నాదే. ఎక్కించు. రేపు ఏ పిల్లనీ సగంలో పంపకూడదు."

ఎనిమిది ప్యాడ్లూ నిండి ఉన్నాయి. ఏది తీయాలో నేను అడిగేలోపే ఆవిడ వేలు హారన్ మీద పెట్టింది. నవ్వొచ్చింది. తీసేశాను. ఆ ఖాళీలో ఆవిడ గుసగుసని ఎక్కించి, రంగుల పట్టిక తెరిచాను. తెలుపు చూపించాను, బూడిద రంగు చూపించాను. తల అడ్డంగా ఊపుతూ వచ్చింది. చివరికి తనే తెర మీద వేలు పెట్టింది, మొదటిదాని రంగు మీద.

"అది ముందే ఉంది కదా అత్తా. రెండూ పసుపైతే నొక్కేటప్పుడు తికమక పడతావు" అన్నాను.

ఆవిడ నా చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "పిలిసిందీ నానే, సాలించిందీ నానే" అంది. "రంగెందుకు మారతాది?"